తిరిగి చెప్పిన మాట

సోమవారం సాయంత్రం త్రినాథరావు డ్యూటీ దిగి బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఇంటికొచ్చేసరికి మోడెం మీద ఎర్ర దీపం వెలుగుతోంది. ఎర్ర దీపం కనపడితే కంగారుపడకుండా ఆగడం, ఎందుకు వెలిగిందో కనుక్కోవడం, ఆ తర్వాతే కదలడం ఆయనకి ఉద్యోగం నేర్పిన గుణాలు. బిలాస్‌పూర్ పక్క స్టేషన్ గతౌరాలో అసిస్టెంట్ స్టేషన్ మాస్టరాయన. అంచేత ముందు చొక్కా విప్పి మేకుకి తగిలించాడు, కాళ్ళు కడుక్కున్నాడు, చెంబుడు మంచినీళ్ళు తాగాడు. అప్పుడు వంగి ఆ చిన్న పెట్టెని పరీక్షగా చూశాడు.

ఆయన భార్య అప్పయమ్మ అప్పటికే కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుని, బొట్టు దిద్దుకుని, చేతులు స్పష్టంగా కనపడాలని ముదురు రంగు చీర కట్టుకుంది. ట్యూబ్‌లైటు కింద స్టూలు ఎక్కడ వేస్తే వెలుతురు చేతుల మీద పడుతుందో చూసుకుని, అక్కడ నేల మీద సుద్దతో గీతలు కూడా గీసుకుంది. రోజూ ఆ వేళకి తెర మీద కూతురు భానుప్రియ మొహం వస్తుంది.

భాను పుట్టుచెవిటి పిల్ల. విశాఖపట్నంలో, కంచరపాలెంలో, మేనత్త అసిరమ్మ ఇంట్లో ఉండి కుట్టుపని నేర్చుకుంటోంది. ఊళ్ళో అందరికీ ఫోన్లున్నాయి గానీ, మొహం కనపడని ఆ మీటల ఫోన్లతో వాళ్ళకి పని జరగదు, ఆ తల్లీకూతుళ్ళకి ఉన్నది ఈ తెర ఒక్కటే. వాళ్ళ మాటలన్నీ చేతుల్లో ఉంటాయి. అవి ఏ బడిలోనూ నేర్పినవి కావు. వంటింట్లో, పెరట్లో, బట్టలారేసే తీగె దగ్గర ఇద్దరూ కూడబలుక్కుని పుట్టించుకున్నవి. ముక్కు పక్కన వేళ్ళు గుండ్రంగా చుడితే పెద్ద బేసరి పెట్టుకునే అసిరమ్మ. గాల్లో జెండా ఊపితే తండ్రి. చెవి వెనకనుంచి చెయ్యి విదిలిస్తే వద్దని. నిజంగా ఇష్టమైతే భాను అరచెయ్యి తన గుండెకి ఆనించుకుని, ఆ చెయ్యి తీసుకొచ్చి తల్లి చేతిలో వేసేది. విశాఖ వెళ్ళాక కెమెరాకి ఆనిస్తోంది. అప్పుడు తెరంతా చీకటైపోతుంది. ఆ చీకటి చూసి అప్పయమ్మ నవ్వుకుంటుంది.

ఇవాళ అప్పయమ్మ అడగవలసిన మాట ఒకటుంది. నిన్న రాత్రి అసిరమ్మ ఫోన్ చేసి భానుకి సంబంధం కుదిరిందని చెప్పింది. వరుడి పేరు సూర్యం. సిమెంటు కొట్టుంది, మంచివాడు, చెవిటి పిల్లని తెలిసే చేసుకుంటానంటున్నాడు. భార్య పోయింది, నాలుగేళ్ళ కొడుకున్నాడు. వచ్చే ఆదివారం తాంబూలాలు పుచ్చుకుందామంటున్నారు.

“భానుకి అన్నీ చెప్పీసేనురా తమ్ముడూ. పెళ్ళాం పోనాదని చెప్పేను, పిల్లోడున్నాడని చెప్పేను. అన్నిటికీ బుర్ర ఊపినాది. ఇంకేటి కావాలి?” అంది అసిరమ్మ.

త్రినాథరావు ఫోన్ పెట్టేసి, పిల్ల ఒప్పుకుందిట అని భార్యతో అన్నాడు. అప్పయమ్మ గిన్నె తోముతున్న చెయ్యి ఆపింది.

“అది బుర్ర ఊపితే ఒప్పుకున్నట్టు కాదండీ. మీరు మాటాడతన్నారు, నాను చూస్తన్నాను అని. అంతే. మొదట్నుంచీ చెప్తన్నాను మీకు.”

ఆయన ఆ మాట చెవిని వేసుకోలేదు. నలుగురి ఎదుటా తల ఊపిన పిల్లని ఒప్పుకోలేదనడం ఎలా అని ఆయన సందేహం. ఏదైతేనేం, రేపు సాయంత్రం తెర మీద నువ్వే అడుగు, తీరిపోతుంది కదా అన్నాడు. ఆ రేపు సాయంత్రమే ఈ ఎర్ర దీపం.

ఆయన కంపెనీకి ఫోన్ చేశాడు. కంపెనీ పేరుతో మనకి పనిలేదు. ఏడాది కిందట రైల్వే కాలనీ గేటు దగ్గర బల్ల వేసుకుని, గాజుతీగె సార్, ఫైబర్, మెరుపు వేగం అని ఊదరగొట్టి కనెక్షన్లు ఇచ్చిన కంపెనీ. గాజుతీగె కాలనీ మొగదల ఉన్న పెట్టె దాకానే వచ్చింది. అక్కణ్ణించి క్వార్టర్లకి మామూలు నల్ల వైరే. అది ఎక్కడ పోయిందో కూడా త్రినాథరావు వస్తూ చూశాడు. కాంట్రాక్టరు మనుషులు కాలవ తవ్వుతూ వైరుని పారతో కొట్టేశారు. తెగిన రెండు కొసలూ వాన నీళ్ళలో తేలుతున్నాయి. వీధిలో పోయే మేక కూడా చూసి చెప్పగలదు.

ఫోన్లో ఎక్కడో దూరదేశపు హిందీ పలికే అమ్మాయి ఆయన చెప్పిందంతా విని, విచారం వెలిబుచ్చి, ఒక కంప్లైంటు నంబరు ఇచ్చింది. త్రినాథరావు ఆ నంబరుని ఒక్కొక్క అంకే తిరిగి చెప్పాడు. చివర అలవాటుగా, “త్రినాథరావు, ఏఎస్ఎం, గతౌరా” అని తన పేరూ హోదా కూడా చెప్పాడు. ఆ పిల్ల ఓ క్షణం తికమకపడి థాంక్యూ అంది.

ఆయన పనిలో పద్ధతి అది. అవతలి స్టేషన్ మాస్టరు బండి గురించి ఫోన్లో ఏం చెబితే అది, ఇవతలివాడు అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పడమంటే విన్నానని, అంతే. ఆ తర్వాత తన లైను ఖాళీగా ఉందో లేదో చూసుకుంటాడు. ఖాళీగా ఉంటేనే ఒప్పుకుంటాడు, ఒప్పుకున్నట్టు వేరే నంబరు ఇస్తాడు. ఒకసారి ఆ నంబరు నోటినుంచి వచ్చిందంటే ఇక తల తెగినా మాట తెగదు. నంబరిచ్చి వెనక్కి పోయిన మనిషిని ఆయన తన సర్వీసులో చూడలేదు.

“నంబరిచ్చీసేరు. రేపు వచ్చీస్తారు,” అన్నాడు భార్యతో, కొండంత నమ్మకంగా.

అప్పయమ్మ ఎర్ర దీపం కేసి ఇంకాసేపు చూసి, చేతులు కొంగుకి తుడుచుకుని లేచింది.

*

మంగళవారం ఎవరూ రాలేదు. వాన పడుతోంది కదా, నిచ్చెన వేసుకుని ఎలా వస్తారు అని త్రినాథరావే వాళ్ళ తరఫున వకాల్తా పుచ్చుకున్నాడు. అప్పయమ్మ వాదించలేదు. గొడుగు తీసుకుని బుధవారీ బజార్లో ఇంటర్నెట్ సెంటరుకి వెళ్ళింది. ఆవిడకి చదువు రాదు. కంప్యూటరు కూడా, ఏ బొమ్మ మీద నొక్కితే కూతురొస్తుందో అంతవరకే తెలుసు. కొట్టువాడు మర్యాదగానే మాట్లాడాడు. కుర్రాళ్ళు వెర్రివేషాలు వేస్తున్నారని గొడవైతే కెమెరాలన్నీ పీకేశామని, కావాలంటే టైపు చేసుకోవచ్చు ఆంటీ అని చెప్పాడు. టైపు అనగానే అప్పయమ్మ తన రెండు చేతులకేసీ చూసుకుంది. చూసుకుని, గొడుగు విప్పుకుని వచ్చేసింది.

ఆ సాయంత్రం ఆవిడ అన్నం వడ్డిస్తూ, పోనీ మీరే ఫోన్లో రాసి అడగండి అంది. అడగమన్నదే గానీ దాని మీద ఆవిడకి నమ్మకం లేదు. భాను ఇక్కడి చెవిటిపిల్లల బడిలో ఎనిమిది దాకా చదివింది. రాసేది హిందీ, అదీ ముక్కలు ముక్కలుగా. త్రినాథరావు కళ్ళజోడు పెట్టుకుని ఇంగ్లీషు అక్షరాల్లో హిందీ కూర్చుకుంటూ, పెళ్ళి ఇష్టమేనా అన్నట్టు ‘షాదీ పసంద్?’ అని పంపించాడు. చెయ్యి కడుక్కునేలోగా జవాబొచ్చింది. ‘ఠీక్ పాపా.’

ఆయన ఆ ఫోన్ తెచ్చి, వెలిగించిన దీపం పెట్టినట్టు భార్య ముందు పెట్టాడు. ఆవిడ చదవలేదు కాబట్టి చదివి, సరేనంటోందని చెప్పాడు.

“మిషన్ సూది వేల్లోకి దిగినప్పుడూ ఠీకనే రాసింది,” అంది అప్పయమ్మ. “జొరమొచ్చి పడుకున్నప్పుడూ అదే. దానికి తొందరగా రాయడం వచ్చింది ఆ ఒక్క ముక్కే.”

త్రినాథరావుకి కొంచెం చిరాకు వేసింది. తల ఊపితే కాదంటుంది, రాసిస్తే కాదంటుంది, ఇంక ఆ పిల్ల ఏం చేస్తే ఔనంటుంది ఈ మనిషి అనుకున్నాడు. పైకి మాత్రం అనలేదు. కూతురు చేతుల భాష ఆయనకి రాదు. పుట్టినప్పట్నుంచీ డ్యూటీలు, రాత్రిళ్ళు, రెస్టులు. ఏం కావాలన్నా అప్పయమ్మే అటు చెప్పేది, ఇటు చెప్పేది. జెండా ఊపడం ఒక్కటే ఆయనకి తెలుసు, అదీ తన పేరు గనక. అంచేత ఈ విషయంలో నోరెత్తడానికి ఆయనకి ఎప్పుడూ లోపల్లోపల జంకు.

బుధవారం మధ్యాహ్నం గతౌరాలో బొగ్గు బండి ఒకటి లూపు లైన్లో నిలబడి ఉంది. త్రినాథరావు బిలాస్‌పూర్ నుంచి పిలుపు కోసం కాసుకుని ఉన్నాడు. ఒక చెవికి స్టేషన్ ఫోను, ఎదురుగా మీటల బల్ల, బయట వానలో తడుస్తూ పాయింట్స్‌మన్ ఎర్రయ్య. సరిగ్గా అప్పుడు జేబులో సెల్‌ఫోన్ మోగింది. కంపెనీ వాళ్ళే. ఈసారి మగ గొంతు. మీ కంప్లైంటు ఫలానా నంబరు రిజాల్వ్ అయింది, మీ ఇంటర్నెట్ చాలూ, అంటే పనిచేస్తోంది, అని గుక్కతిప్పుకోకుండా చదివాడు.

త్రినాథరావుకి ప్రాణం లేచొచ్చింది. నంబరిచ్చినవాళ్ళు మాట నిలబెట్టుకున్నారు. ఒక చేత్తో స్టేషన్ ఫోన్ పట్టుకునే, రెండో చేత్తో సెల్ చెవికి ఆనించుకుని, నంబరు మొత్తం తిరిగి చెప్పి, “కంప్లైంట్ రిజాల్వ్. ఇంటర్నెట్ చాలూ. ఠీక్ హై. త్రినాథరావు, ఏఎస్ఎం, గతౌరా,” అన్నాడు. అవతలివాడు సంతోషంగా ధన్యవాదాలు చెప్పాడు.

డ్యూటీ దిగాక స్టేషన్ బయట అమ్మే లేత మొక్కజొన్న పొత్తులు కొన్నాడు. లోకల్ బండిలో కిటికీ దగ్గర కూర్చుని, ఈపాటికి తల్లీకూతుళ్ళిద్దరూ చేతులు తిప్పుకుంటూ ఉంటారనీ, ఆ ముచ్చట తేలిపోయి ఉంటుందనీ అనుకున్నాడు. ఇంటికొచ్చి తలుపు తోసేసరికి అప్పయమ్మ స్టూలు మీద ఉంది. ట్యూబ్‌లైటు వెలుగుతోంది. ఆవిడ చేతులు ఒళ్ళో ఉన్నాయి. మోడెం మీద దీపం ఎర్రగానే ఉంది.

“బాగయ్యిపోనాదని ఫోన్ చేసేరే,” అన్నాడు.

“ఎవరు?”

ఆయన పొత్తులు బల్ల మీద పడేశాడు. గొడుగు లేకుండానే కాలవ దాకా వెళ్ళి చూశాడు. తెగిన కొసలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి, ఒక కొస మీద కప్ప కూర్చుని ఉంది. తిరిగొచ్చి ఫోన్ చేస్తే, మీ కంప్లైంటు మూసేశామని, కావాలంటే కొత్తది రాసుకుంటామని, మళ్ళీ మొదట్నుంచీ లెక్క అని చెప్పారు. పొత్తులు ఆ రాత్రి ఎవరూ కాల్చలేదు.

*

గురువారం ఆయన రెస్టు. ఉతికిన చొక్కా వేసుకుని లింకు రోడ్డులో కంపెనీ ఆఫీసుకి వెళ్ళాడు. గాజు తలుపులు, లోపల చల్లగాలి, గోడ మీద నవ్వుతున్న కుటుంబం బొమ్మ. తన వంతు వచ్చేదాకా ఆ బొమ్మలో వాళ్ళనే చూస్తూ కూర్చున్నాడు. తండ్రి, తల్లి, ఇద్దరు పిల్లలు, అందరూ ఒకే తెరని చూసి ఒకేలా నవ్వుతున్నారు.

మేనేజరు టై కట్టుకున్న కుర్రాడు. త్రినాథరావు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఎక్కడ తెగిందో, ఎవరు తెగ్గొట్టారో, ఎవరూ రాకుండానే బాగైపోయిందని ఎలా మూసేశారో వరసగా, రిపోర్టు ఇచ్చినట్టు చెప్పాడు. గొంతు పెంచలేదు. ఆ కుర్రాడు కంప్యూటరులో ఏదో వెతికి, మేం ఊరికే మూయలేదు అంకుల్, కస్టమరు ఒప్పుకుంటేనే మూస్తాం అన్నాడు. నేనెప్పుడు ఒప్పుకున్నానని త్రినాథరావు అడిగాడు. ఆ కుర్రాడు స్పీకరు ఇటు తిప్పి, మీట నొక్కాడు.

ముందు వాన చప్పుడు వినపడింది. తర్వాత ఆ మగ గొంతు గడగడా చదివింది. ఆ తర్వాత త్రినాథరావు గొంతు, నిదానంగా, స్పష్టంగా, ఒక్క అంకె తడబడకుండా, నంబరంతా చెప్పి, “కంప్లైంట్ రిజాల్వ్. ఇంటర్నెట్ చాలూ. ఠీక్ హై,” అంది. ఆపైన పేరు, హోదా, స్టేషను. వెనక కుర్చీల్లో కూర్చున్న వాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు.

“అది నేను విన్నానని చెప్పడం,” అన్నాడు త్రినాథరావు హిందీలో. “ఒప్పుకోవడం కాదు. మాకు మాట తిరిగి చెప్పడం రూలు.”

ఆ కుర్రాడు జాలిగానే చూశాడు. మీ గొంతే కదా అంకుల్, మీరే ఠీక్ హై అన్నారు కదా, ఇంతకంటే స్పష్టంగా ఎవరూ ఒప్పుకోరు అన్నాడు. పేరుతో సహా చెప్పిన కస్టమరుని ఇంతవరకూ చూడలేదని కూడా అన్నాడు. కొత్త కంప్లైంటు రాసుకుని కొత్త నంబరు ఇచ్చాడు. త్రినాథరావు ఆ నంబరుని తిరిగి చెప్పబోయి, నోరు తెరిచి, మూసుకున్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. లింకు రోడ్డు మీద నడుస్తుంటే ఆయన చెవిలో ఆ గొంతే తిరుగుతోంది. కోపం రాలేదు. వచ్చినా బాగుండేది, ఎవరినో ఒకరిని తిట్టుకునేవాడు. లోపలంతా మొద్దుబారి, ఒంటికాలు మీద చాలాసేపు నిలబడ్డవాడికి ఆ కాలు ఉందో లేదో తెలియనట్టు ఉంది. ఎన్నేళ్ళుగానో గీత దాటకుండా చేసిన పని, ప్రాణాలు నిలబెట్టిన పని, అదే తన మెడకి చుట్టుకుంది. తను విన్నాననే చెప్పాడు. వాళ్ళకి కావలసింది వాళ్ళు తీసుకున్నారు.

తిత్లీ చౌక్ దాటాక ఆయన నడక ఆగిపోయింది. పక్కనే చెరుకురసం బండివాడు ఏం కావాలన్నట్టు చూశాడు. త్రినాథరావు వాడికేసి తల ఊపాడు. వాడు గ్లాసు కడిగి రసం పట్టి చేతికిచ్చాడు. అప్పటిదాకా తను తల ఊపినట్టే ఆయనకి తెలియదు. గ్లాసు చేతిలో పట్టుకుని, తాగకుండా, అలాగే నిలబడిపోయాడు. చుట్టూ పెద్దవాళ్ళు పెదవులు ఆడిస్తుంటే మధ్యలో కూర్చుని తల ఊపుతున్న కూతురు కనపడింది. ఊపుతూ ఉంటే గంగిరెద్దు తల ఊపుతోందని పిల్లలు నవ్వేవారు. తనూ ఒకటి రెండుసార్లు నవ్వాడు.

ఇంటికి వచ్చేసరికి అప్పయమ్మ పెరట్లో బియ్యం ఏరుతోంది. ఆయన చొక్కా విప్పలేదు, కాళ్ళు కడగలేదు. వెళ్ళి ఆవిడకి ఎదురుగా గట్టు మీద కూర్చున్నాడు.

“కంపెనీవాళ్ళు ఏటన్నారు?” అని అడిగింది ఆవిడ తలెత్తకుండానే.

ఆయన జరిగింది చెప్పాడు. తన గొంతు తనకే వినిపించారని, నలుగురూ నవ్వారని కూడా దాచకుండా చెప్పాడు. అప్పయమ్మ చేటలో వేళ్ళు ఆగిపోయాయి. నేను మొదట్నుంచీ చెప్తున్నానని అనడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు, అయినా అనలేదు. దానికి త్రినాథరావు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు.

“రేపు విశాఖ బండికి నువ్వెళ్ళు,” అన్నాడు. “పాసుంది. నాకు లీవు దొరకదు. దొరికినా నానెళ్ళి ఏటి చేస్తాను, దాని భాష నాకు రాదు.”

“ఒదిన ఏటంటాదో?”

“అననీ.”

అప్పయమ్మ చేటలో మట్టిబెడ్డ ఒకటి ఏరి పారేసింది. తర్వాత చేట పక్కన పెట్టి, పిల్ల ఒప్పుకున్నా ఒప్పుకోవచ్చండీ, సూర్యం మంచోడే అంటన్నారు కదా అంది. ఒప్పుకుంటే మనకి సంతోషమే కదా అంది. అవునన్నాడాయన. అడగాలి, అంతే అన్నాడు.

*

శుక్రవారం మధ్యాహ్నం ఆయన డ్యూటీలో ఉన్నాడు. కోర్బా నుంచి విశాఖ వెళ్ళే బండి గతౌరా మీదుగానే బిలాస్‌పూర్ వెళుతుంది. ఇక్కడ ఆగదు. అప్పయమ్మ ఈపాటికి బిలాస్‌పూర్ ప్లాట్‌ఫారం మీద, సంచీ కాళ్ళ దగ్గర పెట్టుకుని కూర్చుని ఉంటుంది. పొద్దున్న ఆవిడ సంచీలో భాను కోసం పెట్టినవాటిలో, కాల్చకుండా ఉండిపోయిన మొక్కజొన్న పొత్తులు కూడా ఉన్నాయి.

బండి ఇంకా రాకముందే సెల్ మోగింది. అసిరమ్మ. గొంతులో పండగ ఉంది. సూర్యం తరఫువాళ్ళు ఇంటికొచ్చారని, అందరూ ముందుగదిలో కూర్చున్నారని, స్పీకరు పెట్టానని చెప్పింది. ఎవరో దగ్గారు. కప్పుల చప్పుడు వినపడింది.

“ఆదివారం పొద్దున్న తాంబూలాలు. పిల్లకిష్టం, మాకందరికీ ఇష్టం. నువ్వొక్క మాట అనీరా తమ్ముడూ, ఈళ్ళు ఇనీసి ఎల్తారు.”

ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. ఆదివారం పొద్దున్న అనేదాకా వచ్చేశాడు కూడా. అక్కడ ఆగాడు. ఎదురుగా మీటల బల్ల మీద దీపాలు వెలుగుతున్నాయి. బయట ఎర్రయ్య జెండాలు చంకలో పెట్టుకుని బీడీ ఆర్పుతున్నాడు. అవతల గదిలో అంతమంది తన మాట కోసం ఊపిరి బిగబట్టుకుని ఉన్నారని ఆయనకి తెలుస్తూనే ఉంది. చిన్నప్పట్నుంచీ తనని పెంచింది ఆ అక్కే. ఆవిడ మాటకి ఎదురు చెప్పిన రోజు ఆయనకి గుర్తులేదు.

“విన్నాన్నే అప్పా,” అన్నాడు. “విన్నానంతే. ఒప్పుకోలేదు.”

అసిరమ్మ గొంతు తగ్గించి, స్పీకరు తీసేసినట్టుంది, పిల్ల బుర్ర ఊపినాది కదరా, అందరం చూసేం కదా, ఇప్పుడు నలుగురిలో నా మొహం ఎక్కడ పెట్టుకోను అంది. ఆవిడ ఏడుపు దాచుకుంటోంది. అది నిజమైన ఏడుపే. ఈ సంబంధం కోసం ఆవిడ ఎక్కిన గుమ్మాలు ఆవిడకే తెలుసు.

“ఊపినాది. అదీ విన్నాననే,” అన్నాడు త్రినాథరావు. “ఆళ్ళమ్మ ఈ బండికే వస్తంది. తెల్లారీసరికి దిగుతాది. ఆవిడ అడిగిందాకా ఎవరూ ఏటీ ఇచ్చుకోవద్దు. ఆళ్ళకి నామాటగా చెప్పు, నాను తప్పు పట్టుకోవద్దన్నానని చెప్పు.”

ఫోన్ కట్టేసి జేబులో పెట్టుకున్నాడు. అంతలో పక్క స్టేషన్ జైరాంనగర్ నుంచి గంట మోగింది. అవతలి మాస్టరు విశాఖ బండి పంపడానికి ఒప్పుదల అడిగాడు. త్రినాథరావు గొంతు సవరించుకుని ఆ మాటని అక్షరం పొల్లుపోకుండా తిరిగి చెప్పాడు. లైను చూసుకున్నాడు. చూసుకుని నంబరిచ్చాడు. జెండా పట్టుకుని ప్లాట్‌ఫారం మీదకి వెళ్ళి నిలబడితే, బండి తడిగాలి కొట్టుకుంటూ ఆయన ముందునుంచే వెళ్ళిపోయింది. చివరి పెట్టె మలుపు తిరిగేదాకా ఆయన జెండా చాచే ఉన్నాడు.

శనివారం పొద్దున్న ఇంట్లో ఒక్కడే టీ పెట్టుకుంటున్నాడు. కాలనీలో కాలవ పూడ్చేశారు, తెగిన వైరు కొసలతో సహా. మోడెం మీద దీపం ఎర్రగానే ఉంది. కంపెనీ నుంచి ఎవరో ఫోన్ చేసి, మా సేవలతో మీరు సంతృప్తిగా ఉన్నారా అని అడిగితే, ఆయన జవాబు చెప్పకుండా ఆ ఫోన్ బల్ల మీద పెట్టాడు. ఆ గొంతు హలో హలో అని తనే విసిగి ఆగిపోయింది.

టీ పొంగుతుండగా ఫోన్ మళ్ళీ టింగుమంది. ఈసారి భాను. కళ్ళజోడు కోసం తడుముకున్నాడు. చిన్న తెర మీద ఇంగ్లీషు అక్షరాల్లో ముక్కలు ముక్కలుగా హిందీ.

‘బచ్చా హై. ముఝే పతా నహీ థా. నహీ పాపా.’

అప్పయమ్మ దిగి అడిగినట్టుంది. బిడ్డ ఉన్నాడట. తనకి తెలియదట. వద్దంటోంది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నహీ అని రాయడం ఆయన చూడలేదు. అసిరమ్మ మొహం గుర్తొచ్చింది, ఆ ఊళ్ళో ఆవిడ పడబోయే మాటలు గుర్తొచ్చాయి. మంచివాడేనంటున్న ఆ సూర్యం కూడా గుర్తొచ్చాడు. టీ పొంగి పొయ్యి మీద పడింది. ఆయన పొయ్యి కట్టేసి, స్టూలు జరుపుకుని, భార్య గీసుకున్న సుద్ద గీతల మధ్య కూర్చున్నాడు.

ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ నొక్కాడు. ‘బచ్చా హై. తుమ్హే పతా నహీ థా. నహీ.’ కింద అలవాటు కొద్దీ పేరూ హోదా మొదలుపెట్టి, చెరిపేసి, పాపా అని రాసి పంపించాడు. అది విన్నానని చెప్పడం.

తర్వాత కాసేపు ఆలోచించి ఇంకోటి రాశాడు. అది ఒప్పుకున్నానని చెప్పడం. అందులో ఉన్నది ఒక్కటే ముక్క. ‘ఠీక్.’